సంగటి మింగలేని అక్క

ఈ మధ్య ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఒళ్ళు తగ్గించుకోమని చెప్పే సీటులో వేశారు, ఏం చెప్పాలో తెలియడం లేదు" అంటారు. చెప్పకండి, ముందు వినండి అంటాను. వాళ్ళు నా మొహం చూసి, టీ తాగి, ముసలావిడకు చాదస్తం అనుకుంటూ వెళ్ళిపోతారు. అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదివాక చాదస్తమే అనిపిస్తే నాకేం అభ్యంతరం లేదు.

నేను కర్ణాటకలో, పావగడ తాలూకా అరసికెరెలో పుట్టాను. ఆ తాలూకాలోనే స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎన్నిసార్లు బదిలీ చేశారు అన్న సంగతులు రాయను. అవి నాకే విసుగు.

బరువు యంత్రం పక్కన

చివరి ఏళ్ళలో నన్ను సోలార్ పార్కు ఊళ్ళ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో వేశారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు, ఒళ్ళు పెరిగినవాళ్ళకు తిండి గురించి చెప్పాలి. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పక్కన బరువు చూసే యంత్రం. కాన్పులు చేసిన చేతులకు ఇదేం పని అనుకున్నాను. కాన్పుల గదిలో బిడ్డ ఏడిస్తే పని అయినట్టు. ఇక్కడ ఎవరూ ఏడవరు, అందరూ అబద్ధాలు చెబుతారు.

పావగడ బజారులో కిరాణా అంగడి ఉన్న పెద్దమనిషి ఒకాయన నెలనెలా వచ్చేవారు. "పొద్దున ఒక ఇడ్లీ, రాత్రికి అర చపాతీ, అంతే తల్లీ" అనేవారు. యంత్రం ఎక్కడానికి వంగి చెప్పులు విడుస్తుంటే చొక్కా జేబులోంచి కారాబూందీ రాలేది. నేను ఏరి బల్ల మీద పెట్టేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని కూడా నోట్లో వేసుకునేవారు. ఆయన బరువు ఎప్పుడూ తగ్గలేదు, మా స్నేహమూ తగ్గలేదు.

పార్కు వచ్చాక మా వైపు మనుషుల ఒళ్ళు మారిపోయాయి. పొలాలు కరెంటు పలకలకు లీజుకు పోయాయి. మడక పట్టి దున్నిన మగవాళ్ళు అరుగుల మీద కూర్చున్నారు. పొద్దంతా గొర్రెల వెంట తిరిగిన ఆడవాళ్ళు టీవీ ముందు కూర్చున్నారు. నేను తప్పు పట్టను. అన్నేళ్ళు ఎండలో మాడినవాళ్ళు కాసేపు నీడన కూర్చుంటే కూర్చోనీ అనిపించేది. కానీ పని తగ్గిందన్న సంగతి ఆకలికి ఎవరూ చెప్పలేదు.

తారుమారైన రెండు చార్టులు

క్యాతగానచెర్లు ఊరి నుంచి ఒకరోజు ముగ్గురు వచ్చారు. నాగవేణి, ఆమె తమ్ముడు తిప్పేస్వామి, వాళ్ళమ్మ సన్నక్క. తిప్పేస్వామికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారం వారం డయాలసిస్ చేయించుకుంటూ బతుకుతున్నాడు. తల్లి కిడ్నీ ఇస్తానంటే షుగరు ఉందని వద్దన్నారు. అక్కది సరిపోయింది. ఆమె భర్త కూడా సరేనని పుట్టింటికి పంపాడు. అంతా కుదిరిందనుకునే వేళకు బెంగళూరు డాక్టర్లు ఒక మాట చెప్పారు: ఇంత ఒంటితో ఆపరేషన్ చేస్తే ఆమె ప్రాణానికి మంచిది కాదు, పది కిలోలు తగ్గి రావాలి. అంతవరకు తమ్ముడు ఓర్చుకోగలడా అంటే వాళ్ళు గట్టిగా ఏమీ చెప్పలేదు.

మా పెద్ద డాక్టరు మంచి మనిషే, కానీ తొందర మనిషి. అక్కకు ఒక చార్టు ఇచ్చారు. తెల్లన్నం, ఉర్లగడ్డ అనే బంగాళాదుంప, బిస్కెట్లు మానాలి. రాగి సంగటి, ఆకుకూరలు, కాయగూరలు, మజ్జిగ తీసుకోవాలి. తమ్ముడికి ఇంకో చార్టు. రాగి వద్దు, ఆకుకూర వద్దు, టమోటా వద్దు, పాడైన కిడ్నీలకు అవి పడవు. తిప్పేస్వామి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి నవ్వాడు.

"సిస్టరమ్మా, ఈ చార్టులు మార్చి ఇచ్చినట్టుండారు. నేనేమో సంగటి లేక సస్తాండా. మా అక్క సంగటి అంటే సస్తాది."

నాగవేణిని ఏం తింటావని అడిగాను. ఆ కుర్చీలో కూర్చుని ఒక్క అబద్ధమైనా చెప్పని మనిషి ఆమే.

"బువ్వ తింటా, పొడిపొడిగా ఉంటే. ఊరిబిండి తింటా. ఉర్లగడ్డ యేపుడు, బొరుగులు, బిస్కెట్లు, టీ. అంతే సిస్టరమ్మా. ఇంగేది చూసినా గొంతు మూసుకుంటాది."

"సంగటి తినకుండా ఈ గడ్డ మీద ఎట్ల పెరిగినావమ్మే?" అన్నాను.

సన్నక్క అందుకుంది. "పాలు మానిపించి సంగటి నోట్లో పెడితే కక్కింది. తిట్టినా, కొట్టినా, మంత్రం ఏయించినా. పెండ్లికి పోతే బంతిలో కూచోదు. ఇంట్లోనూ గోడ తట్టు తిరుక్కోని తింటాది. ఇంగ ఇడిసిపెట్టినా."

డాక్టరు గారు బయటికి పోతూ "ఆకలేస్తే అన్నీ తింటారు" అన్నారు. ఈ మాట మీరూ వింటారు, పెద్దపెద్దవాళ్ళ నోట వింటారు. నమ్మకండి. ఎందుకో చెబుతాను.

మరుసటి వారం సన్నక్క డబ్బాలో వేడి సంగటి, పుల్లగూర తెచ్చింది. నాగవేణి నా ఎదురుగా కూర్చుంది. "తమ్ముని కోసరం కదా. నీ ముందర తింటా, చూడు" అంది. సంగటిని ఎవరూ నమలరు. చిన్న ముద్ద చేసి, కూరలో అద్ది, గుటుక్కున మింగుతారు. మాకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఆమె రేగుపండంత ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మెడ నరాలు బిగిశాయి. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. ముద్ద వెనక్కి వచ్చింది. నోరు కడుక్కుని మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ వచ్చింది. మూడోసారి చెయ్యి డబ్బాలోకి పోతుంటే గుమ్మం దగ్గర నిలబడిన తిప్పేస్వామి ఆపాడు.

"చాలక్కా, ఇంగ చాలు. నాకు ఇట్లే బాగుండాది."

"నువ్వు నోరు మూసుకోప్పా" అంది ఆమె మూతి తుడుచుకుంటూ.

ఆ పిల్లవాడి ముఖం ఉబ్బి ఉంది. కళ్ళు మాత్రం డబ్బా మీదే ఉన్నాయి. తినాలని ప్రాణం కొట్టుకునేవాడికి వద్దన్నాం, చూస్తేనే ప్రాణం పోయేదాన్ని తినమన్నాం. నాకు ఏడుపొచ్చింది. మొండితనం ఉన్నవాళ్ళు ముద్ద నోటి దాకా రానివ్వరు. ఈమె మూడుసార్లు పెట్టుకోబోయింది. వద్దంటున్నది మనిషి కాదు, గొంతు. ఆ తేడా పట్టుకోవడం వస్తే మీకు ఈ పనిలో సగం వచ్చినట్టే.

పెంకు రొట్టె

నేను వంటలో పేరున్న మనిషిని కాదు. నేను చేసే రాగి రొట్టెను మా ఆయన పెంకు అంటారు, అదీ ప్రేమగా అన్నప్పుడు. ఒక మధ్యాహ్నం నాగవేణి తమ్ముడికి ఇంజెక్షన్ వేయించడానికి వచ్చి నా గదిలో కూర్చుంది. నేను డబ్బా తీసి నిన్నటి రొట్టెను ఫట్‌మని విరిచాను. ఆమె చటుక్కున తిరిగింది.

"అదేంది సిస్టరమ్మా?"

"రాగి రొట్టె. తినలేవులే, ఎండిపోయింది."

"ఒక తునక ఇస్తావా?"

పుట్టి బుద్ధెరిగి రాగి మింగని మనిషి అడుగుతోంది. ఇచ్చాను. కరకరా నమిలింది. గొంతు వంకే చూస్తున్నాను. హాయిగా దిగిపోయింది. ఇంకో తునక అడిగింది.

"ఇది రాగేనా, నిజంగా?"

"రాగే తల్లీ."

"అయితే నాకు రాగితో పేచీ ఏమీ లేదు" అంది, తనకే ఆశ్చర్యంగా.

ఆ రోజు ఆ గదిలో నాకు కలిగిన సంతోషం ఎట్లా చెప్పాలో తెలియదు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఇది తినండి, అది తినకండి అని చెప్పాను గానీ, ఒక మనిషి నోరు ఎట్లా ఉంటుందని ఆలోచించలేదు. ఇద్దరం కూర్చుని ఆమె తినేవన్నీ మళ్ళీ చెప్పుకున్నాం. పొడిపొడి బువ్వ, బొరుగులు, యేపుడు, బిస్కెట్లు. శెనక్కాయల పచ్చడి ఊరిబిండి కూడా బరకగా రుబ్బితేనే. ఆమెకు రుచితో తగాదా లేదు, మెత్తదనంతోనే. పళ్ళ కింద చప్పుడు చేసేదైతే తింటుంది, జారేదైతే గొంతు తలుపు వేసుకుంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, తనకూ తట్టలేదు.

ఇక పని మొదలుపెట్టాం. వారానికి ఒక్కటే కొత్తది. నచ్చకపోతే ఉమ్మేయవచ్చు, ఎవరూ ఒక్క మాట అనకూడదు. నా గదిలో అందుకోసమే ఒక గిన్నె పెట్టాను. డాక్టరు గారు చూసి "ఇదేం వైద్యం సిస్టర్?" అన్నారు. గింజల భాగం తీసేసిన కీరకాయ నోట్లో నిలిచింది. పచ్చి ముల్లంగి నిలిచింది. వేయించిన ఉలవలు నిలిచాయి. మునగాకును ఎండబెట్టి, పెనం మీద పెళపెళలాడేట్టు వేయించి బువ్వ మీద నలిపితే అదీ నిలిచింది. ఆకుకూర తిన్నానని ఆమె ఊరంతా చెప్పుకుంది. అరటిపండు, ఉడికిన గుడ్డు, పెరుగు గిన్నెలోకి పోయాయి. పోనీలే అనుకున్నాం. బువ్వ సగమై, దాని చోట్లోకి పెంకు రొట్టె వచ్చింది. యంత్రం మీద సూది మెల్లగా వెనక్కి జరిగింది. డాక్టరు గారు ఒకరోజు సూదిని చూశారు, గిన్నెను చూశారు, "నాకు చార్టు రాయడం తప్ప ఏం రాదు, నువ్వే చూసుకో" అన్నారు. పెద్ద చదువులు చదివిన పై అధికారి అంత మాట అనడం నేను చాలా అరుదుగా విన్నాను. ఆ రోజు నుంచి ఆయన మీద గౌరవం పెరిగింది.

సన్నక్క రుబ్బిన ఊరిబిండి

మెల్లగా తగ్గడం తల్లికి చాలలేదు. కొడుకు ముఖం రోజురోజుకూ ఉబ్బుతోంది, మెట్టు ఎక్కితే ఆయాసపడుతున్నాడు. ఒకరోజు సన్నక్క ఎవరికీ చెప్పకుండా ఉడికిన ఆకుకూర మెత్తగా నూరి ఊరిబిండిలో కలిపింది. చిన్నపిల్లలకు బెల్లంలో మందు పెట్టినట్టు. నాగవేణికి నాలుక మీద పెట్టుకోగానే తెలిసిపోయింది. అన్నం తట్ట పక్కకు నెట్టి లేచింది. ఆ పూట నుంచి తల్లి చేసింది ఏదీ తినలేదు. రొట్టె కూడా మానేసింది. మళ్ళీ బిస్కెట్ ప్యాకెట్లు, టీ. సీలు విప్పనిదాన్నే నమ్మింది. పోయిన బరువులో కొంత తిరిగొచ్చింది.

"అమ్మ చేతి కూడు నమ్మలేకుండా అయిపోయినాక్కా" అంది నా గదిలో తల వంచుకుని. నన్ను అక్కా అని పిలవడం అదే మొదలు.

నేను క్యాతగానచెర్లు వెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. నాకు కోపం వస్తే మాట తూలుతానని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. సన్నక్క రుబ్బురోలు పక్కన కూర్చుని ఉంది. నేను నోరు తెరవక ముందే అంది:

"వాని మొగం చూడల్లా, దీని గొంతు చూడల్లా, చెప్పు సిస్టరమ్మా. ఇద్దరూ నేను కన్న బిడ్డలే గదా."

నా తిట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఆమె పక్కనే కూర్చున్నాను. తర్వాత నాగవేణిని పిలిపించి, రోలు ఇంటి ముందు ఆరుబయట పెట్టించాను. ఇకమీదట రుబ్బేది తల్లే. కానీ రోట్లో వేసే ప్రతిదీ కూతురు తన చేత్తో వేయాలి. వేయించిన శెనక్కాయలు, ఎండు మిరపకాయలు, తెల్లగడ్డ పాయలు, ఉప్పు ఒక్కొక్కటే నాగవేణి వేసింది. తల్లి తల ఎత్తకుండా రుబ్బింది. చాలన్నప్పుడు ఆపింది. నాగవేణి వేలికొసతో తీసి నాలుకకు రాసుకుని, కాసేపు ఆగి, "బువ్వ పెట్టుమా" అంది. అప్పుడు గానీ సన్నక్క తల ఎత్తలేదు.

దొంగతనంగా పెట్టిన మంచి తిండి కూడా మోసమే. ఇంట్లోవాళ్ళు మీ దగ్గరికి వచ్చి, తెలియకుండా కలిపి పెడతాం మేడమ్ అంటారు. ప్రేమతోనే అంటారు. ఒప్పుకోకండి. ఇట్లాంటి మనిషికి నమ్మి తినగలిగినవి నాలుగే ఉంటాయి. అందులో ఒకటి పోతే ఆ నాలుగూ పోతాయి.

గొర్రెలు లేకుండా నడవడం

తిండి ఒకటే చాలదు, నడవాలి. నడవమని చెప్పడానికి మనకు నోరు నొప్పి పుట్టదు. నాగవేణి రెండు పొద్దులు నడిచి మానేసింది. ఎందుకంటే ఊళ్ళో ఎదురైన ప్రతివాళ్ళూ "యాటికి పోతాండావు?" అని అడిగారట.

"యాటికీ లేదు, ఊరికే నడుస్తాండానంటే నవ్వుతారక్కా. చేతిలో ఏమీ లేకుండా, ముందర గొర్రె లేకుండా నడిచేది మా ఇంట్లో ఎవురికీ చేతగాదు."

వాళ్ళది తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇల్లు. భూమి లీజుకు ఇచ్చాక మేపే చోటు లేక మందను అమ్మేశారు. తోవ ఆమే వెతుక్కుంది. పక్కింటి ముసలాయనకు ఇంకా కొన్ని గొర్రెలు ఉన్నాయి, ఆయనకు మోకాళ్ళు పోయాయి. నేను తోలుకుపోతానని ఆమె అడిగింది. అంతే. ఆ రోజు నుంచి ఎవరూ ఎక్కడికని అడగలేదు.

ఒక తెల్లవారుజామున చూద్దామని వెళ్ళాను. సోలార్ పార్కు కంచె పక్క బాట. సూర్యుడు లేచేటప్పటికి పలకలన్నీ, కంటికి ఆనినంత దూరం, ఒక్కసారిగా వెలిగాయి. ఆ పలకల కింద మా చిన్నప్పుడు శెనక్కాయ పీకిన చేలున్నాయి. పీకిన చేయి మర్చిపోదు గదా, నేను అటే చూస్తూ నిలబడిపోయాను. ఆ పక్కన రాళ్ళ గుట్ట మీదికి గొర్రెలు ఎగబాకుతుంటే వాటి వెనక నాగవేణి, భుజాన కర్ర, కొంగులో ఉలవలు, నోటినిండా కరకర. పిలిచాను. నిలబడకుండానే చెయ్యి ఊపింది. నేను సగం గుట్ట ఎక్కి రాయి మీద కూలబడ్డాను. పైన ఆ మనిషి ఎక్కుతూనే ఉంది. తమ్ముడి కోసం తన ఒంట్లోంచి ఒక భాగం తీసి ఇవ్వడానికి, ముందు ఆ ఒంటినే ఇట్లా కరిగించుకుంటోంది. దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, ఆమె చూడలేదు.

అక్క పెట్టిన ముద్ద

యంత్రం ఎక్కినప్పుడల్లా నాగవేణి కళ్ళు మూసుకునేది. ఆ రోజూ మూసుకుంది. "చెప్పక్కా" అంది. నేను ఒకసారి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"బెంగళూరికి పోమ్మా" అన్నాను.

ఆమె యంత్రం దిగి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. బయట కూర్చున్న తిప్పేస్వామికి విషయం నేనే చెప్పాను. వాడు లోపలికి రాలేదు, వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆపరేషన్ అయింది. ఇద్దరూ బతికి బాగున్నారు. ఈలోగా నేను రిటైరయ్యాను. కొన్ని నెలలు ఆగి, తిప్పేస్వామికి ఇక సంగటి తినవచ్చని డాక్టర్లు చెప్పారని తెలిసి, చూడ్డానికి వెళ్ళాను. సన్నక్క వాకిట్లో కూర్చుని ఉంది. లోపల పొయ్యి దగ్గర నాగవేణి, ముక్కుకు కొంగు బిగించి కట్టుకుని సంగటి గెలుకుతోంది. కర్ర తిప్పినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకుంటోంది. అమ్మ చేయవచ్చు గదా అంటే, మొదటి ముద్ద నేనే చేసి పెట్టల్ల అంది. తడి చేత్తో ముద్ద కట్టి, తమ్ముడి తట్టలో పెట్టి, పుల్లగూర పోసింది. చేతులు రెండుసార్లు కడుక్కుంది.

నాకు ఆశ పుట్టింది. ఇన్ని చేసిన మనిషి ఇది మాత్రం చేయలేదా అనుకున్నాను. "ఇప్పుడన్నా ఒక ముద్ద తిని చూడరాదా?" అన్నాను.

ఆమె కొంగు విప్పుకుంటూ నా వంక చూసింది. "కావల్లంటే ఆ ఇంగొక కిడ్నీ కూడా తీసుకోక్కా, ఇస్తా. సంగటి మాత్రం తినమనొద్దు."

తిప్పేస్వామి నవ్వీ నవ్వీ కుట్ల చోట చెయ్యి పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నాకు తెలిసింది, ఆమె గొంతు ఏమీ మారలేదు. ఆ పది కిలోలూ ఆ గొంతుతోనే తగ్గించింది. దాన్ని మార్చాలని మేమందరం పడిన పాట్లన్నీ దండగ.

తర్వాత వాడు గంభీరంగా ముద్ద విరిచి, పుల్లగూరలో అద్ది, చప్పుడు లేకుండా మింగాడు. ఎన్నాళ్ళ తర్వాతో. కళ్ళు మూసుకున్నాడు. గోడ తట్టు తిరిగి కూర్చునే నాగవేణి ఆ రోజు పీట తెచ్చి తమ్ముడికి ఎదురుగా వేసుకుంది. ముద్ద తర్వాత ముద్ద వాడి గొంతు దిగుతుంటే, పెంకు రొట్టె కరకరా నములుతూ, ఆఖరి ముద్ద దాకా చూపు తిప్పకుండా చూసింది.